కూర్మనాథుని కోవెల నుంచి కడలి ఒడ్డుకు

(ప్రసంగ పాఠం)



అండమాన్ దీవుల ముఖ్య పట్టణంలో షాదీపూర్ అనే పేట ఒకటి ఉన్నది. ఆ పట్టణాన్ని 2024 సెప్టెంబరు వరకు పోర్ట్‌బ్లెయిర్ అని పిలిచేవారు. ఇప్పుడు దాని పేరు శ్రీవిజయపురం. షాదీ అంటే పెళ్ళి. ఆ మాట వినగానే ఆ దీవుల చరిత్రలోని ఒక విశేషం జ్ఞప్తికి వస్తుంది. 1858 మార్చి నెలలో ద్వీపాంతరవాస శిక్షకు గురైన ఖైదీల మొదటి బృందం అక్కడ దిగింది. తరువాతి కాలంలో, కొన్ని ఏళ్ళు సత్ప్రవర్తనతో గడిపిన ఖైదీలకు స్వయంపోషకులుగా బ్రతకడానికి, వివాహం చేసుకొనడానికి అనుమతి లభించేది. స్త్రీ ఖైదీలు సౌత్ పాయింట్ కారాగారంలో ఉండేవారు. వరునిది ఒక ప్రాంతం, వధువుది మరొక ప్రాంతం. అతని భాష ఒకటి, ఆమె భాష ఇంకొకటి. స్వస్థలంలో కలిసి భోజనానికి కూర్చొనని కులాలవారు ఆ దీవిలో ఒకే ఇంటివారయ్యారు. వారి సంతతికి 'లోకల్ బార్న్' అనే పేరు స్థిరపడింది. హిందుస్తానీ వారందరికీ ఉమ్మడి భాష అయింది.

నాటి పాలకులు మనుషులను శిక్షించడానికి నెలకొల్పిన స్థలం ఈ విధంగా భారతదేశపు సంక్షిప్త రూపంగా మారింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనసంఖ్య 3,80,581. అందులో బెంగాలీ, హిందీ, తమిళ భాషల వారితోపాటు తెలుగువారు సుమారు 13 శాతం ఉన్నారు. వీరిలో చాలామంది పూర్వులు శ్రీకాకుళం, విశాఖపట్టణం తీరాల నుంచి ఓడనెక్కి వచ్చినవారే. పట్టణంలోని జంగ్లీఘాట్ ప్రాంతంలో తెలుగు మత్స్యకారుల కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నాయి.

తెలుగువారికి ఈ దీవులతో మరొక సంబంధం కూడా ఉన్నది. 1922-24 నాటి మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొరను ఇక్కడికే పంపారు. పోడు వ్యవసాయంపై ఆంక్షలు, అడవిని ఆశ్రయించుకొని బ్రతికే ప్రజలకు ఆ అడవినే నిషేధించిన చట్టాలు, బలవంతపు రోడ్డు పనులు - ఇవన్నీ ఆ పోరాటానికి కారణాలు. మల్లుదొర తరువాత స్వదేశానికి తిరిగివచ్చి 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అడవి ఎవరిది, దానిని ఎవరు కాపాడాలి అనే ప్రశ్న ఆంధ్రదేశపు కొండలలో పుట్టి, ఒక ఖైదీతోపాటు సముద్రం దాటి అండమాన్ వరకు వచ్చిందన్నమాట.

ఇప్పుడు షాదీపూర్‌లో నివసిస్తూ కళాశాలలో చదువుకొంటున్న ఒక తెలుగు విద్యార్థినిని ఊహించుకొనండి. ఆమె పేరుతో పని లేదు. అటువంటివారు పలువురు ఉంటారు. తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చాడు. తండ్రికి చేపల పడవ ఉన్నది. ఇంట్లో తెలుగు, వీథిలో హిందీ, తరగతిలో ఇంగ్లీషు. పక్క ఇంటివారు ముస్లిములు. ఎదుటి ఇంటివారు క్రైస్తవులు. సెలవులకు విశాఖపట్టణం ఓడలో స్వగ్రామానికి వెళ్ళినప్పుడు నాయనమ్మ ఆమెను శ్రీకూర్మం తీసుకొనిపోతుంది.

శ్రీకూర్మం గురించి మీరు వినే ఉంటారు. శ్రీకాకుళానికి సమీపంలో ఉన్న ఆ క్షేత్రంలో శ్రీమహావిష్ణువు కూర్మరూపంలో పూజలందుకొంటున్నాడు. ఇటువంటి ఆలయం దేశంలో చాలా అరుదు. అక్కడ రెండు ధ్వజస్తంభాలు ఉన్నాయి. మూలమూర్తి పడమటి దిక్కుకు అభిముఖంగా ఉంటాడు. ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళు కనిపిస్తాయి. భక్తులు వాటికి ఆకుకూరలు పెట్టి, భక్తితో నమస్కరిస్తారు. ఆ విద్యార్థిని కూడా చిన్ననాట నమస్కరించింది.

సెలవులు ముగించి దీవికి తిరిగివచ్చిన తరువాత, ఒక చలికాలపు రాత్రి ఆమె కళాశాల సేవాదళంతో కలసి, అటవీ శాఖ సిబ్బంది వెంట సముద్రపు ఒడ్డుకు వెళ్ళింది. అక్కడ ఒక ఆలివ్ రిడ్లే తాబేలు ఇసుకను తవ్వుతున్నది. దాని కళ్ళ నుంచి ఉప్పునీరు ధారగా కారుతున్నది. శరీరంలోని అధిక లవణాన్ని వెలుపలికి పంపే గ్రంథుల పని అది. చూచేవారికి మాత్రం తల్లి కంటతడి పెట్టినట్లే ఉంటుంది. మూరెడు లోతు గోతిలో అది వంద వరకు గుడ్లు పెట్టి, ఇసుకతో కప్పి, మళ్ళీ సముద్రంలో కలసిపోయింది. ఆ గూటికి కొద్ది దూరంలో కుక్కలు చెల్లాచెదురు చేసిన మరొక గూడు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, తెగిన వల ముక్కలు కనిపించాయి.

అప్పుడు ఆమెకు కలిగిన సందేహమే ఈ ప్రసంగానికి మూలం. కోవెలలో తాబేలు దేవుడు. ఒడ్డున ఉన్న తాబేలు ఎవరు?

నక్షత్ర తాబేలు నేల మీద బ్రతికేది. ఆలివ్ రిడ్లే కడలిలో బ్రతికేది. శాస్త్రదృష్టితో చూస్తే ఇవి వేర్వేరు జాతులు. కాని ఆమె సందేహాన్ని ఆ భేదం తీర్చలేదు. పురాణగాథ అందరికీ తెలిసినదే. దేవదానవులు పాలసముద్రాన్ని చిలుకుతుండగా మందరగిరి మునిగిపోయింది. విష్ణువు తాబేలై ఆ కొండను వీపు మీద మోశాడు. అమృతం కోసం పెనుగులాడినవారు ఇరుపక్షాలవారు. బరువు మోసినది ఒక తాబేలు. ఆ మథనంలో అమృతానికి ముందు హాలాహలం పుట్టిందనీ పెద్దలు చెబుతారు. నేటి మానవుడు కూడా సముద్రాన్ని చిలుకుతున్నాడు. చేపలు, నూనె, ఇసుక, రవాణా, విహారం - ఇవన్నీ అతనికి లభించిన అమృతాలు. ఒడ్డుకు కొట్టుకొనివచ్చే ప్లాస్టిక్ ఆ మథనంలోని హాలాహలం. ఒకప్పుడు లోకభారం మోసిన తాబేలు భారాన్ని ఇప్పుడు ఎవరు మోయాలి?

ఇక్కడ మతం చెప్పేదేమిటి అని విచారించడం అవసరం. ప్రకృతిని గౌరవించాలని చెప్పని మతం లేదు. అయితే గౌరవం వేరు, నియమం వేరు. గౌరవం హృదయంలో ఉంటుంది. నియమం చేతిలో ఉంటుంది. ఆ విద్యార్థిని తన వీథిని పరికించినప్పుడు ఒక సంగతి ఆమెకు స్పష్టమయింది. ఇరుగుపొరుగువారి దేవుడు, గ్రంథం, ప్రార్థనా సమయం వేరు వేరు కావచ్చు. కాని అందరి ఇళ్ళలోనూ ఉపవాసం ఉన్నది. నాయనమ్మ కార్తిక సోమవారం పగలంతా ఏమీ తినదు. పక్క ఇంటివారు రంజాన్ నెలంతా పగటిపూట మంచినీరు కూడా ముట్టరు. ఎదుటి ఇంటివారు ఈస్టరుకు ముందు నలభై దినాల శ్రమల కాలం పాటిస్తారు. అందుబాటులో ఉన్నదానిని కూడా కొంతకాలం ముట్టకుండా ఉండగలగడం - ఇదే ఉపవాసపు సారాంశం. ఇస్లాం మానవుణ్ణి భూమికి యజమానిగా కాక ధర్మకర్తగా భావిస్తుంది. ప్రార్థనకు ముందు అవయవాలు శుభ్రపరచుకొనేటప్పుడు, పారే నది ఒడ్డున ఉన్నా నీటిని వృథా చేయరాదని ఆ సంప్రదాయం బోధిస్తుంది. ప్రాణికోటిని సోదరభావంతో చూచిన అసిసీ పుర వాసి సెయింట్ ఫ్రాన్సిస్‌ను 1979లో రెండవ జాన్ పాల్ పోపు పర్యావరణ కార్యకర్తల రక్షక పునీతునిగా ప్రకటించారు. 1986లో అదే అసిసీ పట్టణంలో ప్రపంచ వన్యప్రాణి నిధి పిలుపుపై బౌద్ధ, క్రైస్తవ, హైందవ, ఇస్లాం, యూదు మతాల ప్రతినిధులు సమావేశమై, ప్రకృతి రక్షణ గురించి తమ తమ మతాల పక్షాన ప్రకటనలు చేశారు. హైందవ ప్రకటనను డాక్టర్ కరణ్ సింగ్ రచించారు.

సిక్కుల సంప్రదాయంలో సేవ అనేది పూజలో అంతర్భాగం. దానికి నిదర్శనం ఈ పట్టణంలోనే ఉన్నది. డాక్టర్ దివాన్ సింగ్ ఇక్కడ వైద్యుడుగా పనిచేసిన పంజాబీ కవి. ప్రవహించే నీటిని తన మొదటి కవితా సంపుటి పేరులోనే నిలుపుకొన్నాడు. ఆ పుస్తకం 1938లో వెలువడింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో దీవులను ఆక్రమించిన జపాను సైనికులు ఆయనను సెల్యులార్ జైలులో చిత్రహింసలకు గురిచేయగా 1944 జనవరి 14న ప్రాణాలు విడిచాడు. పట్టణంలోని గురుద్వారా ఆయన పేరును నిలుపుకొని ఉన్నది. అన్ని మతాలవారికీ వైద్యం చేసిన ఆ సేవాపరుని స్మృతి, ఇక్కడి యువతకు సహజంగా సంక్రమించిన ఆస్తి.

ఉపవాసం మనుషులకే కాదు, సముద్రానికీ ఉన్నది. తూర్పు తీరంలోనూ అండమాన్ నికోబార్ జలాలలోనూ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 దినాలపాటు యంత్రపు పడవలతో చేపలు పట్టడం నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టి వృద్ధి చెందే కాలానికి విరామం కల్పించడమే దీని ఉద్దేశం. ఆ విద్యార్థిని తండ్రికి ఈ రెండు నెలలు కష్టకాలం. పడవ ఒడ్డున ఉంటుంది. అప్పు మాత్రం ఒడ్డున ఉండదు. అందువల్ల పర్యావరణాన్ని గురించి పట్టణంలో కూర్చొని ఉపన్యసించడం సులభమనీ, దాని భారమంతా వలవేసేవాడే మోయవలసి వస్తున్నదనీ ఆయన అనడంలో సత్యం ఉన్నది. ఆ మాటను తోసిపుచ్చే సేవ సేవ కాదు.

తాబేలుకూ వలకూ ఉన్న సంబంధం కూడా ఇటువంటిదే. తాబేలు నీటిలో ఉన్నా ఊపిరితిత్తులతో శ్వాసించే ప్రాణి; కొద్ది సేపటికి ఒకసారి పైకి వచ్చి గాలి పీల్చుకొని తీరాలి. ట్రాలర్ లాగే వలలో గంటల తరబడి చిక్కుపడితే ఊపిరాడక చనిపోతుంది. చేపలు వలలో ఉండిపోయి తాబేలు మాత్రం బయటపడేటట్లు వలకు అమర్చే మినహాయింపు పరికరాలు ఉన్నాయి. కొంత చేప కూడా తప్పించుకొంటుందని మత్స్యకారులు సంకోచిస్తారు. తీరంలోని పలువురు మత్స్యకారులు తాబేలును దేవుని అవతారంగా భావించి, వలలో సజీవంగా చిక్కినదానికి నమస్కరించి నీటిలో విడిచిపెడతారు. ఆ నమస్కారానికి ఆ పరికరం తోడైతే, భక్తి ప్రాణరక్షణ అవుతుంది. తండ్రి నమ్మకం, కుమార్తె చదువు పరస్పర విరుద్ధాలు కావని ఆ ఇంటిలోనే ఋజువు కాగలదు.

ఇక స్వచ్ఛంద సేవ మాట. మహాత్మాగాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమయింది. చదువుకొనేవారు సమాజానికి ఋణపడి ఉన్నారన్నది దాని మూలభావన. పాఠశాలలలో పర్యావరణ సంఘాలు దీనికి తోడుగా వచ్చాయి. అయితే ఉత్సాహం ఒక్కటే చాలదు. తెలిసి చేసే సేవ కావలెను. తాబేలు గుడ్లనే ఉదాహరణగా తీసుకొనండి. అపాయంలో ఉన్న గూటి నుంచి గుడ్లను సంరక్షణ కేంద్రానికి తరలించాలంటే, పెట్టిన కొద్ది గంటలలోనే, అటుఇటు తిప్పకుండా తీసుకొనిపోవాలి. ఆలస్యమై, గుడ్డు తలక్రిందులైతే లోపలి పిండం చనిపోతుంది. సుమారు నెలన్నర నుంచి రెండు నెలలలో పిల్లలు వెలువడతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు అధికంగా పుడతాయి. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో అది ఆందోళన కలిగించే విషయం. పుట్టిన పిల్లలు సముద్రం మీది వెలుతురును గుర్తుపట్టి ఆ దిక్కుకు ప్రాకుతాయి. ఒడ్డున విద్యుద్దీపాలు వెలుగుతుంటే దారి తప్పి రోడ్డు మీదికి పోయి చనిపోతాయి. వాటిని చేతితో ఎత్తి నీటిలో వేయడం దయ అనిపించవచ్చు. కాని ఇసుక మీద తమంతట తాము ప్రాకిపోనివ్వడమే మంచిది. పుట్టిన వేయింటిలో పెరిగి పెద్దయ్యేది ఒకటి మాత్రమే కావచ్చునని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇదంతా తెలియని దయ అపకారానికి దారితీస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అనుమతి లేనిదే ఈ పనికి పూనుకొనరాదు.

పట్టణానికి చేరువలోని వండూరు వద్ద 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం ఏర్పడింది. 281.5 చదరపు కిలోమీటర్లలో 15 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు, మడ అడవులు దీనిలో చేరి ఉన్నాయి. అక్కడి జాలీబాయ్ దీవికి వెళ్ళే యాత్రికులు ప్లాస్టిక్ వస్తువులు తీసుకొనిపోరాదు. ఒడ్డున తనిఖీ ఉంటుంది. ఈ నియమాన్ని చిరాకుగా భావించేవారు, గుడి ముంగిట చెప్పులు విడిచే నియమాన్ని చిరాకుగా భావించరు. రెండూ ఒకటే కదా! పవిత్రమనుకొన్న చోట అడుగు పెట్టేముందు ఏదో ఒకటి విడిచిపెట్టడం మనదేశంలో పసిబిడ్డకు కూడా తెలిసిన మర్యాద.

సేవాదళాలవారు ఏరిన చెత్తలో పొరుగు దేశాల భాషలలో అక్షరాలు ముద్రించిన సీసాలు కూడా దొరుకుతాయి. వాటిని చూచి, ఈ పాపం మనది కాదని నిట్టూర్చడం తేలిక. కాని మన ఒడ్డు నుంచి బయలుదేరిన సీసా మరొక దేశపు ఒడ్డున ఎవరో ఒక విద్యార్థి చేతికి తగులుతూనే ఉంటుంది. సముద్రం సరిహద్దులు ఎరుగదు.

ఇంకొక కఠినమైన సత్యం ఉన్నది. సేవ చేసేవారి ఇల్లు కూడా ఇసుకతోనే కట్టబడింది. ఈ దీవులలో నదీగర్భాల ఇసుక తక్కువ కావడం వల్ల చాలాకాలం ఇళ్ళకు, కార్యాలయాలకు, ప్రార్థనా మందిరాలకు కూడా సముద్రతీరపు ఇసుకే తరలిపోయింది. తాబేలు గుడ్లు పెట్టవలసిన ఒడ్డు ఆ విధంగా కరిగిపోయింది. దీవుల పర్యావరణం కోసం పనిచేసే సంస్థలు న్యాయస్థానాన్ని ఆశ్రయించాయి. శేఖర్ సింగ్ సంఘం నివేదిక ఆధారంగా సర్వోన్నత న్యాయస్థానం 2002 మే 7న ఇచ్చిన ఆదేశంలో అడవుల నరికివేతపై ఆంక్షలతోపాటు తీరపు ఇసుక త్రవ్వకాన్ని దశలవారీగా తగ్గించాలని చెప్పింది. దోషి ఎక్కడో దూరాన లేడని, తన ఇంటి గోడలోనూ ఉన్నాడని గ్రహించినప్పుడే ఆ విద్యార్థిని సేవకు అణకువ అలవడింది. పండుగలకూ ఇది వర్తిస్తుంది. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సవరించిన మార్గదర్శకాలు విగ్రహాలను ప్లాస్టర్‌తో కాక సహజమైన మట్టితో చేయాలంటున్నాయి. మన పూర్వులు వినాయకుణ్ణి చెరువు మట్టితోనే చేశారు. కొత్త నియమం పాత ఆచారాన్నే గుర్తుచేస్తున్నది.

ప్రకృతిని చదవడంలో ఈ దీవుల తొలి నివాసులు అందరికీ గురువులు. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడిన నాడు, సముద్రం వెనుకకు తగ్గడం చూచి లిటిల్ అండమాన్‌లోని ఓంగీలు ఎత్తైన ప్రదేశాలకు చేరి ప్రాణాలు దక్కించుకొన్నారు. చదువు వచ్చినవారు ఎందరో తెలియక ఒడ్డుననే నిలిచిపోయారు. ఆ భూకంపంతో దక్షిణ అండమాన్‌లో నేల క్రుంగి, సిప్పీఘాట్ వంటి చోట్ల పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. అలల ఉద్ధృతిని కొంతవరకు అడ్డుకొనే శక్తి మడ అడవులకు ఉన్నది. దీవులలో ఈ అడవులు 600 చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించి ఉన్నాయి. బురదలో వేళ్ళూనుకొని నిలిచే ఆ చెట్ల వరుసకు మతం లేదు. దాని వెనుక ఉన్న ప్రతి ఇంటికీ అది కాపు.

ఆపద వచ్చినప్పుడు అందరూ ఒకటి కావడం సహజం. సునామీ వేళ గుడి, మసీదు, చర్చి అనే తేడా ఆకలిగొన్నవారికి ఉండదు. ఆపద లేని రోజున కూడా ఒకటిగా ఉండడానికి ఏదో ఒక ఉమ్మడి పని కావలెను. సమైక్యత అనేది ఉపన్యాసాల వల్ల ఏర్పడదు. ఒకే బరువును నలుగురు ఎత్తినప్పుడు ఏర్పడుతుంది. పూర్వం ఖైదీల పెండ్లిండ్లు భిన్న భాషలవారిని ఒక ఇంటివారిని చేశాయి. నేడు ఆ పని ఒడ్డున జరుగుతున్న సేవ చేయగలదు.

మళ్ళీ ఆ రాత్రికి వద్దాము. సుమారు యాభై రోజుల తరువాత సంరక్షణ కేంద్రంలో ఇసుక కదిలింది. అరచేతిలో ఇమిడే నల్లని పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పైకి వచ్చాయి. విద్యార్థులు చేతిదీపాలు ఆర్పివేసి దూరంగా నిలబడ్డారు. నీటి గీతకు కొన్ని అడుగుల ఇవతల బుట్ట వంచారు. పిల్లలు తడి ఇసుక మీద సన్నని గీతలు గీసుకొంటూ ముందుకు సాగాయి. ఒక అల వచ్చి కొన్నింటిని వెనుకకు నెట్టింది. అవి మళ్ళీ బయలుదేరాయి. పక్క ఇంటి ముస్లిం యువకుడు పెదవులు కదిపాడు. ఎదుటి ఇంటి అమ్మాయి నొసటి నుంచి ఎదకు సిలువ గుర్తు వేసుకొన్నది. తెలుగు విద్యార్థిని చేతులు జోడించింది. ఎవరి మాట వారిది. అందరి చూపు మాత్రం ఒకే వైపున ఉన్నది.

చివరి పిల్ల నీటిని చేరిన తరువాత వారెవరూ వెంటనే ఇంటికి పోలేదు. సంచులు తీసి, తెల్లవారేలోపు ఆ ఒడ్డు మీది వల ముక్కలను ఏరడం మొదలుపెట్టారు. కోవెలలో మొదలైన నమస్కారం అప్పటికి పూర్తయింది.